ఒడ్డు నుంచి రిజిస్టరు దాకా: శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో అకశేరుకాలను (వెన్నెముక లేని జీవులను) గుర్తించి జాబితా రాయడం ఎలా

చేతిలోకి ఒక గవ్వ రాగానే ఎవరైనా మొదట అడిగేది దాని పేరే. ఈ పనిలో మాత్రం పేరు ఆఖరున వస్తుంది. అది ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది, ఒడ్డులో ఏ భాగంలో ఉంది, అప్పటికి బతికి ఉందా లేదా అన్నవి అక్కడికక్కడే రాసుకోకపోతే మళ్లీ ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. పేరు తప్పు పడితే పదేళ్ల తర్వాతైనా తెలిసినవాళ్లు దిద్దుతారు. ఊరూ తేదీ లేని గవ్వ షోకేసులోకి తప్ప దేనికీ పనికిరాదు. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

డిగ్రీలో జువాలజీ చదివేవాళ్లకీ, పిల్లల్ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లే టీచర్లకీ, ఊరికే నడకకి వెళ్లి జేబునిండా చిప్పలతో ఇంటికొచ్చేవాళ్లకీ ఈ పద్ధతి సరిపోతుంది. ఖర్చు పెద్దగా ఉండదు. కావలసింది ఓపిక.

1. ఏ ఒడ్డుకి వెళ్తున్నారో తేల్చుకోండి

ఇచ్ఛాపురం దగ్గరి డొంకూరు వైపు నుంచి దక్షిణానికి చూస్తే శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరం జిల్లాకి పూసపాటిరేగ, భోగాపురం మండలాల అంచు మాత్రమే దక్కింది. చాలావరకు ఇసుకే. అయినా ఒడ్డులన్నీ ఒకటి కావు. జంతువులు ఊరి పేరు చూసి రావు, కాలికింద ఏముందో చూసి వస్తాయి.

బారువ, కళింగపట్నం లాంటి చోట్ల తెరిచిన ఇసుక ఒడ్డు ఉంటుంది, కెరటం నేరుగా వచ్చి కొడుతుంది. అక్కడ బతికేవన్నీ ఇసుకలో దూరిపోగలిగినవే. విజయనగరం వైపు చింతపల్లిలో రాళ్లు తేలతాయి. రాయిని అంటిపెట్టుకుని బతికేవి అక్కడ దొరుకుతాయి. మూడోది నది మొగ: కళింగపట్నం దగ్గర వంశధార, మొఫస్ బందరు దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి, బారువ దగ్గర మహేంద్రతనయ. భావనపాడు, నౌపడ వైపు ఉప్పునీటి బురద నేలలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

మొగల దగ్గర ఒక జాగ్రత్త. వానాకాలంలో నది పొంగినప్పుడు పొలాల్లోని ఆపిల్ నత్తలు, ఏటిలోని మంచినీటి ఆలిచిప్పలు కొట్టుకొచ్చి సముద్రం ఒడ్డున పడతాయి. నల్లగా, పలచగా, లోపల ముత్యంలా మెరిసే మంచినీటి చిప్పని చూసి సముద్రపు జీవి అనుకోవడం సులువు. తోటల్లో తిరిగే పెద్ద ఆఫ్రికా నత్త గుల్ల కూడా అలాగే వచ్చి చేరుతుంది. వాటినీ రాయండి, కానీ ‘నది నుంచి’ అనో ‘నేల మీదది’ అనో పక్కన పెట్టండి.

మూలపేట లాంటి చోట ఓడరేవు కోసం సముద్రంలోకి రాతిగోడలు కడితే ఇసుక ఒడ్డుకి కొత్తగా రాయి వచ్చినట్టే. రాయికి అతుక్కుని పెరిగే బార్నకిల్స్ అనే చిన్న గుల్లజీవులు, రాతి ఆలిచిప్పలు అక్కడ కాపురం పెట్టడం మొదలవుతుంది. ఆ గోడ మీద మొదటిసారి ఏది ఎప్పుడు కనిపించిందో తేదీతో రాసి ఉంచినవాళ్ల రిజిస్టరు రేపు ఎంతో విలువైనది.

2. పోటు, పాటు చూసుకుని బయల్దేరండి

మన తీరంలో రోజుకి నీరు పైకెక్కే పోట్లు రెండు, వెనక్కి తీసే పాట్లు రెండు. ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తాయి. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు నీరు బాగా వెనక్కి తీస్తుంది. విశాఖపట్నం దగ్గర ఆ రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. అష్టమి ప్రాంతంలో అర మీటరు చుట్టూనే ఉంటుంది. అందుకే ముందు ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండరు చూసి తిథి పట్టుకోండి, తర్వాత విశాఖపట్నం పోటు పట్టికలో గంట చూసుకోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర పరిస్థితి అంచనాలు కూడా ఇస్తుంది. కెరటాల ఎత్తు గురించి హెచ్చరిక ఉన్న రోజు ఇంట్లోనే ఉండి పాత ఫొటోలు సర్దుకోండి.

నీరు అతి తక్కువకి చేరే సమయానికి గంటన్నర ముందే ఒడ్డున ఉండాలి. దిగే నీటి వెంట దిగుతూ పనిచేసి, తిరిగే నీటితో పాటే పైకి వచ్చేయాలి. రాళ్ల మీద, మొగల దగ్గర ఇది మరీ ముఖ్యం. మొగలో నీరు ముందు నుంచి కాదు, పక్క పాయలోంచి వెనక నుంచి చుట్టేస్తుంది. సముద్రానికి వీపు చూపించి కూర్చోవద్దు.

తుఫాను వెళ్లిన వారం ప్రత్యేకం. 2018 అక్టోబరులో తిత్లీ లాంటిది ఒడ్డుని ఏం చేసిందో ఉద్దానం వాళ్లకి చెప్పనక్కర్లేదు. మామూలుగా లోతులో ఉండే శంఖాలు, నక్షత్రాలు, పీతలు అలాంటప్పుడు కుప్పలుగా వచ్చి పడతాయి. ఆ రోజు దొరికినవాటికి ‘తుఫాను తర్వాత’ అన్న మాట తప్పకుండా చేర్చండి. లేకపోతే అవి ఆ ఒడ్డునే బతుకుతాయని చదివేవాళ్లు అనుకుంటారు.

3. సంచిలో ఏముండాలి

పెన్సిలు, గట్టి అట్ట నోట్‌బుక్కు. పెన్ను వద్దు, తడి తగిలితే సిరా పారిపోతుంది. పదింతలు పెద్దగా చూపించే చేతి భూతద్దం. 15 సెంటీమీటర్ల స్కేలు. స్కేలు మర్చిపోతే పది రూపాయల నాణెం పక్కన పెట్టి ఫొటో తీయండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం ఒకటి, ఇసుకరంగు జీవులు అందులో పెడితేనే కనిపిస్తాయి. రెండు మూడు మూతసీసాలు, చిన్న జిప్ కవర్లు, మిల్లీమీటరు కన్నం ఉన్న జల్లెడ, అర మీటరు భుజం ఉన్న చతురస్రపు చట్రం. చట్రాన్ని ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ గొట్టం ముక్కలతో చేసుకోవచ్చు. రాళ్ల మీదకి వెళ్లేటప్పుడు పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, హవాయి చెప్పులు కాదు. బార్నకిల్స్ కోసిన గాయం చిన్నగా కనిపిస్తుంది గానీ తొందరగా మానదు.

ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో రాయడం అలవాటు చేసుకోండి. నాలుగు దశాంశాలు రాస్తే పదకొండు మీటర్ల లోపు చోటు తెలిసిపోతుంది. కళింగపట్నం ప్రాంతం అంటే 18.34, 84.12 చుట్టుపక్కల. ఇక్కడ రెండు దశాంశాలే ఉన్నాయి కాబట్టి అది కిలోమీటరు పైచిలుకు అంచనా మాత్రమే.

4. ఒడ్డుని అడ్డంగా కోసి చదవండి

చాలామంది నీటి అంచు వెంబడి కిలోమీటర్లు నడుస్తారు. అలా నడిస్తే ఒకే రకం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సరుగుడు తోట వైపు నుంచి నీటిలోకి నిలువుగా ఒక తాడు పరిచి, దాని వెంట దిగండి. ప్రతి కొన్ని మీటర్లకీ మనుషులు మారినట్టు జంతువులు మారిపోతాయి.

పైన బాలబంద తీగ పాకే పొడి ఇసుకలో పీతల బొరియలు. వాటి కింద పోటు ఎక్కి వదిలేసిన చెత్త గీత. నాచు, కొబ్బరి పీచు, వెదురు ముక్కలు, వల తేలడానికి కట్టే తేలికలు అన్నీ అక్కడే చేరతాయి. తేలికల్ని తిప్పి చూడకుండా వదలొద్దు. వాటి అడుగున మెత్తటి కాడతో వేలాడే లెపాస్ బార్నకిల్స్ ఉంటాయి. అవి నడిసముద్రం నుంచి ప్రయాణం చేసి వచ్చినవి. ఇంకా కిందకి దిగితే తడి ఇసుక, అక్కడ గుళికలు గుళికలుగా ఇసుక ఉండలు. ఆఖరున కెరటం వచ్చి వెనక్కి జారే జాగా.

తాడు వెంబడి సమాన దూరాల్లో చట్రాన్ని పెట్టి, లోపలి ఇసుకని 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, సముద్రపు నీటితోనే జల్లెడ పట్టండి. మిగిలినవాటిని పళ్లెంలో పోసి లెక్కపెట్టి, ఫొటో తీసి, అక్కడే వదిలేయండి. ఏమీ దొరకని చట్రానికి కూడా ‘సున్నా’ అని రాయాలి. ఖాళీ చట్రాన్ని వదిలేసే అలవాటు లెక్కని మొత్తం పాడుచేస్తుంది.

రాయి మీద తవ్వేదేమీ లేదు, పైనుంచి కిందకి పట్టీలుగా చదవాలి. తుంపర మాత్రమే పడే చోట గోరంత లిట్టోరినా కుటుంబపు నత్తలు. దాని కింద బార్నకిల్స్, ఆ కింద రాయికి సిమెంటు వేసినట్టు అతుక్కున్న రంపపు అంచు ఆలిచిప్పలు. ఇంకా కింద ఆకుపచ్చ పెర్నా చిప్పలు, పువ్వుల్లా విచ్చుకునే ఎనిమోన్లు. అన్నిటికన్నా అడుగున, నీరు వదలని గుంటల్లో నల్లటి ముళ్ల బంతుల్లాంటి అర్చిన్లు. రాయి తిప్పి చూశాక మళ్లీ యథాస్థానంలో పెట్టేయండి, లేకపోతే అడుగున ఉన్న గుడ్లు ఎండకి మాడిపోతాయి.

5. ముందు వర్గం, తర్వాతే జాతి

పుస్తకంలో బొమ్మలు తిరగేస్తూ ‘ఇదేనేమో’ అనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా చెడ్డ అలవాటు. బడిలో చదివిన వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అన్న మెట్లు ఇప్పుడు పనికొస్తాయి. పై మెట్టు ఖాయం అయ్యాకే కింది మెట్టుకి దిగాలి.

గుల్ల ఒక్కటే ఉండి మెలికలు తిరిగితే నత్తల విభాగం. రెండు చిప్పలు కీలుతో కలిస్తే ఆలిచిప్పల విభాగం. ఏనుగు దంతంలా రెండు చివరలా తెరిచిన గొట్టమైతే దంతపు గుల్ల. వీపు మీద ఎనిమిది పలకలతో రాయిని కరుచుకుని ఉంటే కైటన్. ఒడ్డున పడే తెల్లటి, తేలికైన, గోటితో గీస్తే పొడి రాలే బద్ద కటిల్‌ఫిష్ లోపలి గుల్ల. ఆయుర్వేదం దుకాణంలో సముద్రఫేనం అని అమ్మేది అదే. ఇవన్నీ మొలస్కా వర్గం.

బార్నకిల్‌ని చూసి గుల్ల కాబట్టి నత్త జాతే అనుకుంటారు. కాదు, అది పీతకి చుట్టం. పలకల్ని భూతద్దంతో లెక్కపెడితే కుటుంబం వైపు దారి దొరుకుతుంది: టెట్రాక్లైటాకి నాలుగు, ఆంఫిబాలానస్‌కి, థామలస్‌కి ఆరేసి.

టోపీలా రాయికి అతుక్కున్న నత్తల్లో కూడా ఒక మోసం ఉంది. సెల్లానా అంచు గుండ్రంగా సమానంగా ఉంటుంది. సైఫొనేరియాకి కుడి పక్కన అంచు కొద్దిగా ఉబ్బి బయటికి పొడుచుకొస్తుంది, అక్కడినుంచే అది గాలి పీలుస్తుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే.

పీతల విషయంలో కాళ్లు లెక్కపెట్టండి. అసలు పీతకి డెక్కలు కాక నాలుగు జతల కాళ్లు బయటికి కనిపిస్తాయి. రాళ్ల సందుల్లో దొరికే చదునైన పోర్సలిన్ పీతకి మూడే జతలు కనిపిస్తాయి. అది ఖాళీ శంఖాల్లో కాపురముండే సన్యాసి పీతల వైపు చుట్టం. కడుపు వైపు తిప్పితే మూత సన్నటి త్రికోణంగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది.

6. కొన్నిటిని దగ్గరగా చూద్దాం

ఎర్ర పీతలు: పొద్దున్నే ఒడ్డంతా ఎర్రటి చుక్కల్లా కనబడి, అడుగు చప్పుడికి మాయమయ్యేవి ఓసిపోడి ప్రజాతి పీతలు. ఎర్రగా ఉందని వెంటనే ఓసిపోడి మాక్రోసెరా అని రాసేయకండి. బంగాళాఖాతం ఒడ్డున ఈ ప్రజాతిలో అనేక జాతులు కలిసి తిరుగుతాయి. చూడాల్సినవి రెండు. మొదటిది కన్ను: కంటికాడ కొస కన్ను దాటి కొమ్ములా పైకి వచ్చిందా లేదా. రెండోది పెద్ద డెక్క లోపలి ముఖం: అక్కడ ఆకురాయి గీతల్లాంటి చిన్న బుడిపెల వరస ఉంటుంది. పీత దాన్ని డెక్క మొదలుకేసి రాసి శబ్దం చేస్తుంది. ఓసిపోడి కార్డిమానస్‌కి కొమ్మూ ఉండదు, ఆ వరసా ఉండదు. మాక్రోసెరాకి రెండూ ఉంటాయి. పిల్ల పీతలకి కొమ్ము ఇంకా పెరగదు కాబట్టి చిన్నవాటిని కంటిని బట్టి తేల్చకూడదు. పట్టుకోలేకపోతే బొరియ నోటి వెడల్పు కొలిచి, ‘ఓసిపోడి, జాతి తెలియదు’ అని రాయండి. అది పరువు తక్కువ పని కాదు.

ఇసుక ఉండల పీతలు: పాటులో తడి ఇసుక మీద కన్నం చుట్టూ కిరణాల్లా పరిచిన చిన్న చిన్న ఉండలు కనిపిస్తాయి. బటానీ గింజంత ఒళ్లుండే డోటిల్లా, స్కోపిమెరా పీతలు ఇసుకలోని తిండి పీల్చుకుని మిగతాది ఉండ చేసి పడేస్తాయి. ఉండలు చూసి ‘ఉంది’ అనొచ్చు, ఏ పీతో చెప్పాలంటే అది కనిపించాలి.

కెరటం జారే చోట: నీరు వెనక్కి వెళ్తుండగా ఇసుకలోంచి ఈకల్లాంటి జత మీసాలు లేస్తే అది ఎమెరిటా. గుడ్డు ఆకారంలో ఉండి వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోతుంది. ఆడవి పెద్దవి, పొట్ట కింద నారింజరంగు గుడ్లు మోస్తాయి. మగవి చాలా చిన్నవి. అక్కడే చచ్చిన చేప ఒకటి పడి ఉంటే ఆగి చూడండి: బుల్లియా నత్తలు ఇసుకలోంచి లేచి, వెడల్పాటి పాదాన్ని కెరటంలో పరిచి కొట్టుకొచ్చి దాని చుట్టూ మూగుతాయి.

డోనాక్స్ చిప్పలు: ఒకవైపు కోసినట్టుండే చిన్న చిప్పలు మన ఇసుక ఒడ్డుల్లో విస్తారం. ఊదా, తెలుపు, గోధుమ, చారలు, చారలు లేనివి, అన్నీ ఒకే జాతి కావచ్చు. రంగుని బట్టి జాబితా పెంచొద్దు. చిప్ప లోపలి అంచు నున్నగా ఉందా, రంపంలా ఉందా, వెనక వైపు పదునైన గట్టు ఉందా చూడండి. డోనాక్స్ స్కార్టమ్‌కి ఆ గట్టు స్పష్టంగా ఉండి వెనక కొస ముక్కులా సాగుతుంది. బొత్తాల్లాంటి అంబోనియం వెస్టియేరియం నత్తల్లోనూ ఇదే రంగుల గొడవ. దోసెడు ఎత్తితే ఒకదానిలా ఇంకోటి ఉండదు, అన్నీ ఒకటే జాతి.

అలాంటి చిప్పల్లో కొన్నిటికి కీలు దగ్గర గుండ్రటి కన్నం ఉంటుంది, దండ గుచ్చడానికి ఎవరో పెట్టినట్టు. భూతద్దంతో కన్నం గోడ చూడండి. పైన వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా గిన్నెలా వాలుగా ఉంటే తిన్నది నాటికా కుటుంబపు నత్త. గోడ నిటారుగా ఉంటే మ్యూరెక్స్ కుటుంబం పని. అంటే ఆ నత్త మీకు కనపడకపోయినా అది ఆ నీటిలో తిరుగుతోందన్న సాక్ష్యం చిప్ప మీదే ఉంది. రిజిస్టరులో చిప్పకి ఒక వరస, కన్నానికి ఒక వరస రాయాలని నేనంటాను. ఇసుకతో చేసిన తెగిన కాలరులాంటిది ఒడ్డున దొరికితే అదీ నాటికా కుటుంబానిదే, వాటి గుడ్ల పట్టీ. ఎండితే చేతిలో పొడైపోతుంది కాబట్టి ఫొటో చాలు. నత్తే దొరికితే నోటి మూత చూడండి: సున్నంలా గట్టిగా ఉంటే నాటికా వైపు, గోరులా పలచగా ఉంటే పాలినిసెస్ వైపు.

గాళ్ల చిప్పలు: నిలువు గట్లున్న బరువైన తెల్ల చిప్పల్లో గట్లు లెక్కపెట్టాలి. ఇరవైకి లోపు ఉండి వాటి మీద గింజల్లా బుడిపెలుంటే టెగిల్లార్కా గ్రానోసా. కోస్తే ఎర్రటి రక్తం ఉండే చిప్ప అది, హిమోగ్లోబిన్ వల్ల. గట్లు ముప్పై దాటి, రెండు చిప్పల్లో ఒకటి రెండోదాని అంచు దాటి బయటికి వస్తే అనడారా ఇనెక్వివాల్విస్ వైపు ఆలోచించండి.

వలలో పడే పీతలు: వెనక అంచున మూడు ఎర్రటి మచ్చలుంటే పోర్ట్యునస్ సాంగ్వినోలెంటస్. వీపు మీద శిలువ గుర్తుంటే కారిబ్డిస్ ఫెరియేటా. మచ్చల ముగ్గులుండే నీలి పీతని పాత పుస్తకాలన్నీ పోర్ట్యునస్ పెలాజికస్ అంటాయి. 2010లో దాన్ని నాలుగు జాతులుగా విడదీశారు. ఆ లెక్కన బంగాళాఖాతంలో దొరికేది పోర్ట్యునస్ రెటిక్యులేటస్. పాత పుస్తకం ఒక్కటే నమ్ముకుంటే ఇలాంటిచోట దెబ్బ తింటారు.

ఇసుక బిళ్లలు: బిస్కెట్టంత పలచటి గుండ్రటి గుల్ల మీద పువ్వు బొమ్మ ఉంటుంది. వెనక రెండు పొడుగాటి చీలికలు అంచు దాకా తెరుచుకుంటే ఎఖైనోడిస్కస్ ఆరిటస్, లోపలే మూసుకుపోతే బిస్పెర్ఫొరేటస్. బతికున్నదానికి సన్నటి ముళ్లు వెల్వెట్‌లా ఉంటాయి. తెల్లగా నున్నగా ఉంటే చచ్చి చాలా రోజులైనట్టు.

జెల్లీలు: ఒడ్డు వైపు గాలి వీచిన రోజుల్లో నీలిరంగు గాలి సంచితో, పొడుగాటి దారాలతో ఫిసేలియా పడుతుంది. చచ్చినట్టున్నా దారాలు కుడతాయి. చేత్తో ముట్టుకోవద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు. కుడితే ఇసుకతో రుద్దకుండా సముద్రపు నీటితో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరి ఇబ్బందైతే ఆసుపత్రికే. నీలి అంచున్న రూపాయి బిళ్లలాంటి పోర్పిటా మాత్రం అంత ప్రమాదం కాదు, అయినా చెయ్యి పెట్టకుండా ఫొటో తీస్తే సరి. బతికున్న కోన్ నత్తల్ని అసలే పట్టుకోకూడదు, వాటి కొసన విషపు సూది ఉంటుంది.

7. ఫొటో ఏ వైపు నుంచి

అందంగా వచ్చిన ఒక్క ఫొటో కన్నా వంకర టింకరగా ఉన్నా నాలుగు వైపుల ఫొటోలు మేలు. నత్తకి నోరు కనిపించేలా ఒకటి, వీపు ఒకటి, కొస పైనుంచి ఒకటి. ఆలిచిప్పకి బయటి ముఖం ఎంత ముఖ్యమో లోపలి ముఖం అంతకన్నా ముఖ్యం. కీలు దంతాలు, కండరం అంటిన మచ్చలు అక్కడే ఉంటాయి. పీతకి వీపు, పొట్ట, కళ్ల వరస, రెండు డెక్కలు. ప్రతిదాంట్లో స్కేలు పడాలి. ఎదురెండలో గుల్ల మెరిసి గీతలు పోతాయి, మీ నీడలో పెట్టి తీయండి. ఏదీ ముట్టుకోకముందు అది ఉన్నచోటే ఒక ఫొటో తీయడం మాత్రం అన్నిటికన్నా ముందు పని.

8. రిజిస్టరు

ప్రతి నమూనాకీ ఒక నంబరు, ఆ నంబరు జన్మలో మారదు. ఊరు, సంవత్సరం, వరస సంఖ్య కలిపితే సరిపోతుంది: కళి-2025-014. తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే కంప్యూటరులో పెట్టినప్పుడు వాటంతటవే సర్దుకుంటాయి. పూర్తి చేసిన ఒక వరస ఇలా ఉంటుంది:

కళి-2025-014. 2025-01-15, ఉదయం, పాటు. కళింగపట్నం, దీపస్తంభానికి ఉత్తరంగా. ఇసుక, కెరటం జారే భాగం. డోనాక్స్, జాతి తెలియదు. బతికున్నవి 11, చట్రం నం. 6. పొడవు 14 నుంచి 22 మి.మీ. ఫొటోలు 31–35. వదిలేశాను. గుర్తింపు: ప్రజాతి ఖాయం.

ఇందులో ఆఖరి గడి, అంటే గుర్తింపు మీద నమ్మకం ఎంత, చాలామంది పెట్టరు. ‘ఖాయం’, ‘బహుశా’, ‘తెలియదు’ అని మూడు మాటలు చాలు. ఎవరు గుర్తించారో, ఏ తేదీన గుర్తించారో కూడా పక్కన పెట్టండి. పేరు మారినప్పుడు పాతది చెరపకుండా ఒక్క గీత కొట్టి కొత్తది రాయండి.

ఎలా దొరికింది అన్న గడి కూడా తప్పనిసరి: తవ్వితే, రాయి మీద, కొట్టుకొచ్చింది, వలలోంచి. అలివి వల లాగేచోట ఒడ్డున పారేసిన శంఖాలన్నీ ఒడ్డు జంతువులు కావు. ‘ఏటి సేసుకుంటారు బాబూ ఈ సిప్పలతోటి?’ అని వలవాళ్లు నవ్వినా, కూర్చుని అడిగితే ఎన్ని బారల లోతులో పడిందో, ఏ నెలల్లో ఎక్కువ వస్తుందో చెప్తారు. అది ఏ పుస్తకంలోనూ ఉండదు. వాళ్లు పిలిచే పేరుని వాళ్లన్నట్టే రాసుకోండి. వేసవిలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలల్లో వలల్లోంచి వచ్చేవి తగ్గుతాయి. జాబితాలు పోల్చేటప్పుడు అది గుర్తుపెట్టుకోవాలి. కళింగపట్నం, భీమిలి లాంటి చోట్ల దుకాణాల్లో పాలిష్ చేసి అమ్మే గవ్వల్ని రిజిస్టరులోకి రానివ్వకండి, అవి ఏ సముద్రానివో అమ్మేవాళ్లకే తెలియదు.

9. పేరు సరిచూడటం

జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో ఫొటోలు పెడితే యంత్రం వెంటనే ఒక పేరు సూచిస్తుంది. దాన్ని గుడ్డిగా నొక్కొద్దు. ఎక్కువ ఫొటోలున్న దూరదేశపు జాతిని మనమీద రుద్దడం దానికి అలవాటు. ఆ జాతి హిందూ మహాసముద్రంలో ఉందా అని మొదట చూడండి. లేకపోతే ఒక మెట్టు పైకి ఎక్కి ప్రజాతి దగ్గరో కుటుంబం దగ్గరో ఆగండి. ఫొటో, తేదీ, చోటు ఉండి, గుర్తించినవాళ్లలో మూడింట రెండొంతులకి మించి ఒప్పుకుంటే ఆ నమోదు పరిశోధన స్థాయికి చేరుతుంది. అక్కడినుంచి ప్రపంచ స్థాయి జీవవైవిధ్య నిధి జీబిఫ్‌లోకి వెళ్తుంది, మీరు ఆ నమోదు లైసెన్సుని అన్ని హక్కులూ నావే అని మార్చకపోతేనే. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ కూడా ఉంది.

ప్రస్తుతం చెల్లే శాస్త్రీయ నామం ఏదో వర్మ్స్ అనే సముద్ర జీవుల ప్రపంచ పట్టికలో వెతకండి. బురద నేలల్లో కుప్పలుగా ఉండే సన్నటి పొడుగు నత్త పాత పేరు సెరిథీడియా సింగులేటా. అది కొడితే ఇప్పటి పేరు పిరెనెల్లా సింగులేటా అని చూపిస్తుంది. రిజిస్టరులో రెండూ ఉంచుకుంటే పాత వ్యాసాలతో పోల్చడం సులువు.

మీకు తేలనివాటికి మనుషులే దిక్కు. మనకి దగ్గర్లో గోపాల్‌పూర్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థ నదీముఖ జీవశాస్త్ర కేంద్రం ఉంది. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగం ఉన్నాయి. ‘ఇదేంటో చెప్పండి’ అని ఒక మసక ఫొటో పంపితే జవాబు రాదు. నాలుగు వైపుల ఫొటోలు, కొలత, చోటు, మీరు ఎక్కడిదాకా గుర్తించారో, ఏ రెండింటి మధ్య తేలలేదో రాసి పంపితే జవాబివ్వడానికి వాళ్లకీ చేతులాడతాయి.

10. ఇంటికి తెచ్చేవి, తేకూడనివి

బతికున్నది ఏదీ తేవద్దు. ఖాళీగా ఉందనుకున్న శంఖంలో సన్యాసి పీత ఉండొచ్చు. పళ్లెంలో పెట్టి పది నిమిషాలు కదలకుండా చూడండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సముద్ర దోసకాయలు, పగడాలు, సముద్రపు విసనకర్రలు, కొన్ని పెద్ద శంఖాలు రక్షిత జీవులు. చచ్చి పడి ఉన్నా ఇంట్లో పెట్టుకుంటే నేరమే. అలాంటివి ఫొటోతో సరి. జనవరి నుంచి మార్చి వరకు రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో చీకట్లో టార్చిలైట్లతో ఒడ్డున తిరగొద్దు, అటవీ శాఖ కంచె వేసిన చోట తవ్వొద్దు.

ఖాళీ గుల్లల్ని మంచినీటిలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తోమి, నీడలో ఆరబెట్టాలి. బ్లీచింగు, నిమ్మరసం, ఆసిడ్ దగ్గరికి రానివ్వకండి. గుల్ల అంటే సున్నమే, కరిగిపోతుంది. ఫార్మలిన్ కూడా ఇదే పని చేస్తుంది. అర్చిన్, ఇసుక బిళ్ల గుల్లల్ని తోమకుండా నీళ్లు మారుస్తూ నానబెడితే చాలు.

చెక్క అలమరలో, అట్టపెట్టెలో ఏళ్ల తరబడి పెట్టిన గుల్లల మీద తెల్లటి బూజులాంటి పొడి లేస్తుంది. అది బూజు కాదు. చెక్కలోంచి, అట్టలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి గుల్లని తినేస్తుంటే లేచే ఉప్పు. అందుకని ప్లాస్టిక్ డబ్బాలు వాడండి. ప్రతి గుల్లతో పాటు నంబరు రాసిన చీటీ డబ్బా లోపలే ఉండాలి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. చీటీ మందపాటి కాగితం మీద పెన్సిలుతో రాయండి. గుల్ల పెద్దదైతే నోటి లోపలి అంచున నంబరుని ఇండియన్ ఇంకుతో సన్నగా వేయొచ్చు.

రిజిస్టరు పేజీల్ని నెలకోసారి ఫోనుతో ఫొటో తీసి, ఇంకెవరి దగ్గరైనా ఒక ప్రతి ఉంచండి. కాలేజీ మారినా, ఊరు మారినా డబ్బాలతో పాటు ఆ ప్రతిని కూడా మీ జువాలజీ విభాగంలోనో బడి ల్యాబులోనో సంతకం పెట్టించుకుని అప్పగించండి.